నా అనుభవం: 55 సీసీ ఇంజన్‌కి ట్యూన్డ్ పైప్ బిగించాక పికప్ కుదరడానికి పట్టిన ఆరు నెలలు

2024 సెప్టెంబర్ 28, శనివారం పొద్దున మా ఫ్లయింగ్ ఫీల్డ్‌లో, రేడియోతో నేల మీద నుంచి ఎగరేసే నా మోడల్ విమానం శబ్దం కొలిచారు. 25 అడుగుల దూరంలో మీటర్ 103 డెసిబెల్స్ చూపించింది. మా క్లబ్ పెట్టుకున్న పరిమితి 98. రోడ్డుకు అవతల కొత్తగా ఇళ్లు వచ్చాయి, ఫిర్యాదులు మొదలయ్యాయి, ఫీల్డ్ లీజు పోతుందేమోనని అందరికీ భయం పట్టుకుంది. ఏడాది చివరికల్లా శబ్దం తగ్గించుకోవాలి, లేకపోతే ఈ విమానం ఇక్కడ ఎగరేయడానికి లేదు అని చెప్పి కాగితం చేతిలో పెట్టారు. వాళ్లు చెప్పింది న్యాయమే. అయినా ఇంటికి వచ్చేటప్పుడు కారులో మనసు మనసులో లేదు. డాలస్‌కి ఉత్తరాన ఈ సైజు విమానం ఎగరేయనిచ్చే జాగా మా ఇంటికి దగ్గర్లో అదొక్కటే.

విమానం ఎక్స్‌ట్రా 300 అనే విన్యాసాల విమానానికి చిన్న నమూనా. రెక్కల వెడల్పు 88 అంగుళాలు, బరువు ఏడున్నర కిలోలు. ఇంజన్ 55 సీసీ, ఒకే సిలిండర్, టూ స్ట్రోక్. 32 పాళ్లు పెట్రోల్‌కి ఒక పాలు ఆయిల్ కలిపి పోస్తాను. ప్రొపెల్లర్ 22 బై 8, అంటే పొడవు 22 అంగుళాలు, ఒక చుట్టుకి 8 అంగుళాలు ముందుకు లాగే వంపు. ఇంజన్‌తో పాటు పెట్టెలాంటి చిన్న సైలెన్సర్ వచ్చింది, రెండేళ్లుగా దానితోనే నడిపాను. పికప్ గురించి అప్పటిదాకా ఆలోచించాల్సిన అవసరమే రాలేదు.

శబ్దం తగ్గించడానికి రెండు దారులున్నాయి. ఒకటి క్యానిస్టర్, అంటే పొడుగు డబ్బా లాంటి సైలెన్సర్. పొడవు కొంచెం అటూ ఇటూ అయినా అది పెద్దగా పట్టించుకోదు. రెండోది ట్యూన్డ్ పైప్. అది శబ్దాన్ని తగ్గిస్తుంది, పొడవు సరిగ్గా కుదిరితే బలాన్నీ పెంచుతుంది. నేను పైప్ తీసుకున్నాను. శబ్దం తగ్గితే చాలు అనుకునేవాళ్లు, శనివారాలు తప్ప తీరిక దొరకనివాళ్లు క్యానిస్టర్‌తో ఆగిపోవడమే మంచిదని ఇప్పుడు అడిగినవాళ్లందరికీ చెబుతున్నాను.

ఖర్చు రాసి పెట్టుకున్నాను. పైప్ 165 డాలర్లు, ఇంజన్ నుంచి పైప్‌దాకా వచ్చే హెడర్ గొట్టం 72, ఆ రెంటినీ కలిపే టెఫ్లాన్ కప్లర్, క్లాంపులు 24, గాస్కెట్ 6, పైప్‌ని పట్టుకునే సిలికాన్ మౌంట్లు 18, ఆర్‌పీఎం, అంటే నిమిషానికి ఎన్ని చుట్లో చూసే ఆప్టికల్ టాకోమీటర్ 32. మొత్తం 317. సెప్టెంబర్ 30న ఆర్డర్ పెడితే అక్టోబర్ 19కి గానీ అన్నీ చేతికి రాలేదు.

ఆ మధ్యలో పొడవు లెక్క వేసుకున్నాను. ఎగ్జాస్ట్ రంధ్రం తెరుచుకున్నప్పుడు బయటికి దూకిన పొగ ఒత్తిడి అలలా పైప్‌లో ప్రయాణిస్తుంది. పైప్ వెడల్పవుతున్న చోట ఆ అల వెనక్కి లాగే అలగా మారి సిలిండర్‌లోని పాత పొగను గుంజుతుంది. పైప్ మళ్లీ సన్నబడే చోట తగిలి వెనక్కి నెట్టే అలగా తిరిగొస్తుంది. రంధ్రం మూసుకునేలోపు అది చేరిందంటే, అప్పటికే జారిపోతున్న పచ్చి పెట్రోల్ గాలిని మళ్లీ సిలిండర్‌లోకి తోస్తుంది. అన్నీ ఆ టైమింగ్ మీదే ఆధారపడి ఉంటాయి. రంధ్రం ఎన్ని డిగ్రీలు తెరిచి ఉంటుందో ఆ సంఖ్యను 1700తో గుణించి, మనకు కావలసిన ఆర్‌పీఎంతో భాగిస్తే పొడవు అంగుళాల్లో వస్తుంది. వేడి పొగలో శబ్దం సెకనుకు సుమారు 1700 అడుగులు వెళ్తుందని తీసుకున్న లెక్క అది. ప్లగ్ తీసేసి, ప్రొపెల్లర్ వెనక కాగితపు కోణమాపకం అంటించి, చేత్తో తిప్పుతూ పిస్టన్ అంచు ఎప్పుడు కదిలిందో టార్చి వేసి చూశాను. 155 డిగ్రీలు వచ్చింది. 6,900 ఆర్‌పీఎం కావాలనుకుంటే 38 అంగుళాల పైచిలుకు, అంటే 970 మిల్లీమీటర్లు. పిస్టన్ ముఖం నుంచి పైప్ లోపల అల తిరిగొచ్చే చోటు దాకా కొలవాలి.

అక్టోబర్ 26న బిగించాను. ఒక్క పూట పని అనుకున్నాను, రెండు రోజులు పట్టింది. పైప్ బరువు 290 గ్రాములు, అదంతా వెనక్కి పడటంతో విమానం తోక బరువైంది. రెండు బ్యాటరీలనూ 9 సెంటీమీటర్లు ముందుకు జరిపితే గానీ బ్యాలెన్స్ కుదరలేదు. వేడికి పైప్ పొడవు సాగుతుంది కాబట్టి వెనక మౌంట్‌ని గట్టిగా బిగించకూడదు, పైప్ అందులో జారుతూ ఉండాలి. హెడర్ చుట్టూ చెక్కకు ఎక్కడా వేలు సందు కన్నా తక్కువ ఉండకూడదు. ఒక చోట నేను తక్కువ వదిలాను. ఇంజన్ నడిపిన మూడో రోజుకే అక్కడ బాల్సా చెక్క గోధుమ రంగుకు తిరిగింది. కోసి, అల్యూమినియం టేపు వేశాను.

నవంబర్ 2న మొదటిసారి స్టార్ట్ చేశాను. మా క్లబ్బులో డెబ్బై దాటిన పెద్దాయన ఒకరున్నారు, డీజిల్ ఇంజన్ల మెకానిక్‌గా రిటైర్ అయ్యారు. ఆయన పక్కన నిలబడ్డారు. విమానాన్ని తోక దగ్గర తాడుతో స్తంభానికి కట్టి, నేను రెక్క వెనకే కూర్చున్నాను. తిరుగుతున్న ప్రొపెల్లర్‌కి ముందు గానీ పక్కన గానీ ఎవరినీ నిలబడనివ్వను. మా పాపకి పదకొండేళ్లు. ఇరవై అడుగులు వెనక కుర్చీలో కూర్చుని, నేను అరిచి చెప్పిన అంకెలు నోట్‌బుక్‌లో రాసేది.

పైప్ మార్చాక కార్బురేటర్‌ని మొదటి నుంచి సెట్ చేయాలి. మాది వాల్‌బ్రో డయాఫ్రమ్ కార్బురేటర్. దానికి లో, హై అని రెండు స్క్రూలు. ముందు లో స్క్రూ సెట్ చేయాలి, ఎందుకంటే ఫుల్ థ్రాటిల్‌లో కూడా దాని గుండా పెట్రోల్ వెళ్తూనే ఉంటుంది. హై ముందు సెట్ చేస్తే తర్వాత లో తిప్పినప్పుడు అది చెడిపోతుంది. ఇరవై సెకన్లు ఐడ్లింగ్‌లో ఉంచి, చేతిలోని రేడియోలో థ్రాటిల్ స్టిక్ ఒక్కసారిగా పైకి కొట్టాలి. ఇంజన్ గొంతు పట్టేసినట్టు ఒక్క క్షణం ఆగితే పెట్రోల్ తక్కువ, లో తెరవాలి. తడి గొంతుతో గడగడమంటూ ఎక్కితే పెట్రోల్ ఎక్కువ, మూయాలి. ఒక్కోసారి చుట్టులో పదహారో వంతు, అంతకు మించి తిప్పకూడదు. హై స్క్రూ అయితే ఆర్‌పీఎం గరిష్ఠానికి చేరేదాకా మూసి, అక్కడి నుంచి 150 తగ్గేదాకా మళ్లీ తెరిచాను. పాత సైలెన్సర్ మీద ఉన్నదానికన్నా హై పావు చుట్టు ఎక్కువ తెరవాల్సి వచ్చింది.

ఆ తర్వాత పొడవు. 1000 మిల్లీమీటర్లతో మొదలుపెట్టాం. పాత సైలెన్సర్ మీద 6,550 ఉండేది. 1000 దగ్గర 6,590. హెడర్ చివర పది మిల్లీమీటర్లు కోసి, గరుకు రుద్ది, మళ్లీ బిగించాం, 6,680. మరో పది, 6,790. మరో పది, అంటే 970, అక్కడ 6,860. ఒక్కో కోతకి ఇంజన్ చల్లారాలి, క్లాంపులు ఊడదీయాలి, మళ్లీ వేడెక్కాలి. గంట దాకా పట్టేది. మధ్యాహ్నం మూడింటికి మూడో కోత అయ్యింది. పెద్దాయన చేతులు తుడుచుకుంటూ, ఇక ఐదు మిల్లీమీటర్లకు మించి ఒక్కసారి ముట్టుకోకు, కోసినదాన్ని అతికించలేవు అని చెప్పి వెళ్లిపోయారు.

నవంబర్ 9న ఎగరేశాను, దిగాక శబ్దం మళ్లీ కొలిచారు. 96. కాగితం రద్దయింది. ఇంజన్ ఇంతకు ముందుకన్నా బాగా లాగుతోంది. మొదలుపెట్టిన సమస్య ఆరు వారాల్లో తీరిపోయింది. అక్కడితో ఆగి ఉంటే ఇది రాసేవాడినే కాదు.

ప్రతి కోతకీ ఆర్‌పీఎం పెరిగింది కదా, ఇంకా తీస్తే 7,000 దాటుతుందనే ఆశ నన్ను వదల్లేదు. నవంబర్ 23 రాత్రి గరాజ్‌లో ఒంటరిగా కూర్చుని హెడర్‌ని మరో 20 మిల్లీమీటర్లు కోసేశాను. ఇళ్ల మధ్య ఇంజన్ స్టార్ట్ చేయడానికి లేదు, కాబట్టి చూసే వీలూ లేదు. మరుసటి వారం థాంక్స్‌గివింగ్. ఆ శనివారం, నవంబర్ 30న, ఫీల్డ్‌లో నాలుగు డిగ్రీల చలి. టాకోమీటర్‌లో 6,640 మాత్రమే కనిపించింది. తగ్గిందని తెలుసు, అయినా చలికి అనుకున్నాను. పెద్దాయన ఆ రోజు రాలేదు. ఎగరేశాను.

మూడో చుట్టులో కొంచెం కిందికి వాలినప్పుడు ఇంజన్ శబ్దం మారిపోయింది. అప్పటిదాకా మామూలుగా ఉన్న మోత ఒక్కసారిగా సన్నని కేకలా ఎత్తుకుంది. మూడు నాలుగు సెకన్లు విమానం ఎవరో వెనక నుంచి నెట్టినట్టు పోయింది. తర్వాత ఇంజన్ బరువుగా మూలిగి ఆగిపోయింది. పైన ఏడున్నర కిలోల విమానం, కింద నిశ్శబ్దం. చేతుల్లో ఉన్నది ముక్కును పైకీ కిందికీ తిప్పే ఎలివేటర్ స్టిక్ ఒక్కటే అనిపించింది. రన్‌వే అందలేదు. అవతల కోత కోసిన పొలంలో దిగింది, మోళ్లకు తగులుకుని లాండింగ్ గేర్ ఊడింది, ప్రొపెల్లర్ విరిగింది. పరుగెత్తి వెళ్లేసరికి పైప్ నుంచి పొగ ఇంకా వస్తోంది. మనుషులున్న వైపు పడనందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను. ఆ మాట రాయడానికి ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

జరిగింది ఇదీ. 950 పొడవు 7,000 పైన ఆర్‌పీఎంకి సరిపోతుంది. నేల మీద ప్రొపెల్లర్ ఇంజన్‌ని 6,640 దగ్గరే ఆపేస్తుంది కాబట్టి పైప్ పట్టుకోదు. గాల్లో వాలు మీద ప్రొపెల్లర్ బరువు తేలికవుతుంది, ఆర్‌పీఎం ఆ గీత దాటుతుంది, పైప్ ఒక్కసారిగా పని మొదలుపెడుతుంది. గాలి ఎక్కువ లోపలికి వెళ్తుంది. నేల మీద చూసి బిగించిన హై స్క్రూ ఇచ్చే పెట్రోల్ దానికి చాలదు. పైగా చలిగాలి చిక్కగా ఉంటుంది. రెండూ కలిసి ఇంజన్ పొడిగా నడిచి వేడెక్కి పట్టేసింది. హెడర్ తీసి రంధ్రంలోంచి చూస్తే పిస్టన్ మీద సన్నని గీతలు రెండు కనిపించాయి. రింగు మాత్రం ఫ్రీగా కదులుతోంది. బతికిపోయింది.

కొత్త హెడర్ 72, పోస్టేజీ 19, లాండింగ్ గేర్ రిపేరు సామాను 85, ప్రొపెల్లర్ 48. డిసెంబర్ 2న ఆర్డర్ పెడితే 27న వచ్చింది. ఆ 25 రోజులు ఖాళీగా ఉండలేక విమానం ముక్కును శుభ్రంగా తయారుచేశాను. ఇంజన్ మీద తొడిగే ఫైబర్ మూతను మేం కౌల్ అంటాం. పాత సైలెన్సర్ గొట్టాలు బయటికి రావడానికి దాని అడుగున రెండు పెద్ద కంతలుండేవి. ఇప్పుడు వాటి పని లేదు కదా అని ఫైబర్‌గ్లాస్ వేసి మూసి, రంగు కొట్టాను. కొత్త విమానంలా మెరిసింది. ఆ కంతల మాట దయచేసి గుర్తుంచుకోండి.

జనవరి 9, 10 తేదీల్లో మాకు మంచు పడింది, ఫీల్డ్ బురదైపోయింది. 18న కుదిరింది. ఈసారి పెద్దాయన పక్కనుండగా మెల్లగా కోస్తూ వచ్చి 975 దగ్గర ఆపేశాం. 6,840 వచ్చింది. 970 దగ్గర వచ్చిన ఆర్‌పీఎం కన్నా ఇరవై తక్కువ, కానీ మధ్య స్పీడుల్లో ఎక్కడం నున్నగా ఉంది. పొడవు కాస్త ఎక్కువున్నప్పుడు పైన కొద్దిగా పోతుంది, మధ్యలో మాత్రం ఇంజన్ నెమ్మదిగా, నమ్మకంగా ఎక్కుతుంది. విమానాన్ని గాల్లో నిలువుగా వేలాడదీసి ఆడించే నాలాంటి వాడికి కావలసింది అదే. నేల మీద స్టిక్ ఎలా కొట్టినా తడబాటు లేదు. ఇక అయిపోయిందనుకున్నాను.

గాల్లోకి లేచాక సగం థ్రాటిల్ దగ్గర మొదలైంది. గడ, గడ, గడ. మా ఊళ్లో బండి మెకానిక్కులు మిస్సింగ్ అంటారే, అచ్చంగా అది. ఫుల్ ఇస్తే బాగుంటుంది, ఐడ్లింగ్ బాగుంటుంది, మధ్యలో తేలిగ్గా ఎగురుతున్నప్పుడు మాత్రం తడి గొంతు. ఆ గడగడలో ఉండగా స్టిక్ ఎత్తితే ఒకటిన్నర సెకన్లు ఏమీ జరగదు, తర్వాత ఒక్కసారి దూకుతుంది. నేల మీదికి దింపి అదే స్టిక్ చోట పెడితే ఏమీ లేదు.

ఐదు శనివారాలు దీని వెంట పడ్డాను. లో స్క్రూ పదహారో వంతు మూశాను. గాల్లో గడగడ కొంచెం తగ్గింది గానీ నేల మీద గొంతు పట్టేయడం మొదలైంది, మళ్లీ తెరిచాను. ప్లగ్ మార్చాను, 7 డాలర్లు. ఇగ్నిషన్ బ్యాటరీ మార్చి చూశాను. పెద్దాయన రీడ్ వాల్వులను, అంటే గాలిని ఇంజన్‌లోకి ఒక వైపే పోనిచ్చే పలకలను, అనుమానించారు. విప్పి చూస్తే పలకలు చదునుగా ఒదిగే ఉన్నాయి. 14 డాలర్ల కిట్ తెప్పించి కార్బురేటర్‌లో డయాఫ్రమ్, గాస్కెట్లు అన్నీ కొత్తవి వేశాను. హెడర్ జాయింట్లో లీకు ఉందేమోనని సబ్బు నీళ్లు పూసి ఊదాను. ఒక్కోసారికి ఒక మార్పు మాత్రమే, ఎందుకంటే రెండు కలిపి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. అందులో రెండు శనివారాలు గాలి మరీ ఎక్కువై ఎగరేయలేదు. నవంబర్లో ఇంజన్ ఆగిన సంగతి మనసులోంచి పోలేదు, శుక్రవారం రాత్రి నిద్ర పట్టేది కాదు. ఆ గడగడ విన్నప్పుడల్లా చేతులు చల్లబడేవి. ఫిబ్రవరి మధ్యకి పైప్ అమ్మేద్దామనే దాకా వచ్చాను.

ఫిబ్రవరి 16, ఆదివారం రాత్రి తెనాలికి ఫోన్ చేశాను. మా బాబాయి అక్కడ ముప్పై ఏళ్లు మోటార్‌సైకిళ్ల షెడ్ నడిపాడు. నా చిన్నప్పుడు యమహా ఆర్‌ఎక్స్ 100 సైలెన్సర్లు విప్పి కార్బన్ కాల్చేవాడు. టూ స్ట్రోక్ శబ్దం అంటే ఇష్టం పుట్టింది అక్కడే, ఆ షెడ్ ముందు. ఫోన్‌లో వీడియో పెట్టి వినిపించాను.

“నిలబెట్టి రేజ్ చేస్తే రాదు, రోడ్డు మీద పోతుంటే వస్తుంది. అంతేనా?” అన్నాడు.

“అంతే బాబాయ్.”

“మరి కార్బురేటర్ ఎందుకు విప్పావురా? పోతున్నప్పుడు మాత్రమే ఉండేది ఏంటి? ఎదురు గాలి. ఇంజన్ మీద మూత ఉందన్నావుగా. అది తీసేసి ఒక్కసారి నడుపు. అప్పుడూ వస్తే కార్బురేటర్‌ది, రాకపోతే గాలిది.”

షెడ్‌లో ఆయన బండి సైడ్ ప్యానెల్ తీసేసి ఎయిర్ ఫిల్టర్ బయటపెట్టి రౌండ్ వేసి రావడం నేను ఎన్నిసార్లు చూశానో. నాకే గుర్తు రాలేదు.

ఫిబ్రవరి 22న కౌల్ తీసేసి, స్క్రూలన్నిటికీ టేపు వేసి, ముక్కు బోసిగా ఉన్న విమానాన్ని ఎగరేశాను. సగం థ్రాటిల్. మూడు చుట్లు. గడగడ లేదు. ఒక్కసారి కూడా లేదు. దింపాక కాసేపు గడ్డి మీద కూర్చుండిపోయాను. పాప పరుగెత్తుకొచ్చి “డాడీ, ఏం రాయాలి?” అని అడిగింది. “మూత లేకుండా బాగుంది అని రాయి తల్లీ” అన్నాను.

వాల్‌బ్రోలో పలచని డయాఫ్రమ్‌కి ఒక వైపు పెట్రోల్, మరో వైపు బయటి గాలి ఉంటాయి. గాలి వైపు రేకు మూత, దాని మధ్యలో సూది దూరేంత కంత. ఇంజన్ గుంజినప్పుడు డయాఫ్రమ్ లోపలికి వంగి చిన్న లీవర్‌ని నొక్కుతుంది, పెట్రోల్ వస్తుంది. నేను డిసెంబర్లో కౌల్ అడుగు కంతలు మూసేశాక ముందు నుంచి దూరిన గాలి బయటికి పోయే దారి తగ్గింది. విమానం వేగంగా పోతున్నప్పుడు కౌల్ లోపల ఒత్తిడి పెరిగి, ఆ కంతలోంచి డయాఫ్రమ్‌ని తనే నొక్కింది. ఇంజన్ అడగకుండానే పెట్రోల్ వచ్చిపడింది. నేల మీద అంత ఎదురు గాలి ఎక్కడిది? అందుకే అక్కడ దొరకలేదు. నా చేత్తో నేను మూసిన కంతలు, ఐదు వారాలు ఇంకెక్కడెక్కడో వెతికాను.

రిపేరు మార్చి 1న వంటింటి బల్ల మీద చేశాను. కార్బురేటర్ మీదున్న రేకు మూత తీసి పక్కకు తెచ్చాను, ఎందుకంటే ఒక్క లోహపు పొడి లోపల పడినా పెట్రోల్ దారి మూసుకుపోతుంది. మూతను పెట్రోల్‌తో కడిగి, ఎమరీ కాగితంతో కంత చుట్టూ మెరిసేదాకా రుద్దాను. మూడు మిల్లీమీటర్ల ఇత్తడి గొట్టం ముక్క ఒక అంగుళం కోసి, కంత మీద నిలబెట్టి సోల్డర్ చేశాను. టంకం లోపలికి జారి కంతను మూయకుండా ముందే అగ్గిపుల్ల దూర్చి ఉంచాను. చల్లారాక పుల్ల తీసి, గొట్టంలో నోటితో ఊది చూశాను. గాలి అవతలికి వెళ్లింది. మూత తిరిగి బిగించి, ఇత్తడి గొట్టానికి పెట్రోల్ ట్యూబ్ తొడిగి, ఇంజన్ గోడ వెనక విమానం పొట్టలోకి తీసుకెళ్లాను. అక్కడ గాలి కదలదు. దుమ్ము పోకుండా ట్యూబ్ చివర చిన్న స్పాంజి ముక్క పెట్టాను. ఇత్తడి, ట్యూబ్ కలిపి 9 డాలర్లు. ఆరు నెలల్లో మొత్తం 571 డాలర్లు పెట్టాను, నా నిద్ర తిరిగొచ్చింది ఈ తొమ్మిదితో.

కౌల్ అడుగున వెనక వైపు గాలి పోయే దారిని మళ్లీ కోసి పెద్దది చేశాను. ముందు నుంచి లోపలికొచ్చే దారికి కనీసం రెండింతలు ఉండాలి. రంగు పాడైంది, చూడటానికి అంత బాగోదు. అలాగే ఉంచాను. మార్చి 8న కౌల్ తొడిగి ఎగరేశాను, సగం థ్రాటిల్‌లో ఇంజన్ ఒకే స్వరంతో పాడింది.

అప్పుడు గానీ స్టిక్‌కీ ఇంజన్‌కీ మధ్య పొత్తు కుదర్చడం మొదలుపెట్టలేకపోయాను. కార్బురేటర్‌లో తిరిగే రేకు మొదటి మూడో వంతు తెరుచుకునేలోపే చాలా గాలి వదిలేస్తుంది, తర్వాత ఎంత తెరిచినా పెద్ద తేడా ఉండదు. కొలిస్తే స్టిక్ పావు దగ్గర 3,900, సగం దగ్గర 5,900, ముప్పావు దగ్గర 6,600, పూర్తిగా ఎత్తితే 6,840. అంటే స్టిక్ పై సగం దాదాపు దండగ. కింది సగంలో వెంట్రుకవాసి కదిలినా ఇంజన్ ఎగిరిపడేది. పైగా 5,300 నుంచి 5,900 మధ్య పైప్ పట్టుకునేటప్పుడు చిన్న దూకుడు ఉంటుంది. ఆ రెండూ ఒకే చోట పడ్డాయి.

స్టిక్ ఎంత ఎత్తితే కార్బురేటర్ ఎంత తెరుచుకోవాలో రేడియోలో పెట్టుకునే సెట్టింగును కర్వ్ అంటాం. దాన్ని దిద్దే ముందు రాడ్డు చూడాలి. సర్వో, అంటే స్టిక్ చెప్పినట్టు కదిలే చిన్న మోటారు, దాని నుంచి కార్బురేటర్‌కి వెళ్లే రాడ్డు బాల్ లింకులో అర మిల్లీమీటర్ వదులుంది. అంత చిన్నదానికే ఐడ్లింగ్ ఒకసారి 1,500, ఒకసారి 1,700 చూపించేది. కొత్త లింకు వేశాను. రేకును పట్టుకున్న బుల్లి స్క్రూ కదులుతోందని అప్పుడే చూశాను. అది ఊడితే నేరుగా ఇంజన్‌లోకి పోతుంది. తీసి, లాక్‌టైట్ చుక్క వేసి బిగించాను. పైప్ వేసినా వేయకపోయినా, ఈ స్క్రూ మాత్రం ఈ రోజే చూసుకోండి.

మార్చి 15, 22 రెండు శనివారాలూ కర్వ్‌కే పోయాయి. చివరికి స్టిక్ కింద నుంచి పైదాకా సమాన దూరంలో ఉన్న ఐదు పాయింట్లూ కుదిరాయి. ఆర్‌పీఎం 1,650, 2,900, 4,200, 5,500, 6,840. సర్వోను నెమ్మదిగా కదిలేలా పెట్టమని ఒకరిద్దరు సలహా ఇచ్చారు. అది నాకు నచ్చలేదు. దూకుడు కనిపించకుండా పోతుంది గానీ, విమానం నేలకు రెండడుగుల ఎత్తులో వేలాడుతున్నప్పుడు అడిగిన బలం అప్పుడే రావాలి. అర సెకను ఆలస్యమైతే తోక నేలకు తగులుతుంది.

మార్చి 29, ఉగాదికి ముందు రోజు. గాలి తక్కువ. పెద్దాయన కుర్చీ తెచ్చుకుని కూర్చున్నారు. రెండు చుట్లు వేసి, ముక్కు పైకెత్తి, స్టిక్ సగానికి తెచ్చాను. విమానం పదిహేను అడుగుల ఎత్తులో నిలువుగా నిలబడింది. ఒక గీత పైకంటే ఒక అడుగు లేచింది, ఒక గీత కిందికంటే ఒక అడుగు దిగింది. నేను స్టిక్ వైపు చూడటం మానేసి విమానాన్నే చూస్తూ ఉండిపోయాను. దింపాక ఇంజన్ ఐడ్లింగ్‌లో ఉండగానే బాబాయికి వీడియో పంపాను. అక్కడ రాత్రి తొమ్మిది దాటింది. నిమిషంలో జవాబు వచ్చింది: “ఇప్పుడు బాగుంది. స్లో స్పీడ్ ఇంకొంచెం తగ్గించుకో.”

తగ్గించాను, 1,550కి.

మే 3న 31 డిగ్రీల ఎండ. వేడి గాలి పలచన కాబట్టి మధ్యలో కొద్దిగా తడి గొంతు వినిపించింది. లో స్క్రూ పదహారో వంతు మూస్తే పోయింది. హై ముట్టుకోలేదు. పాప నోట్‌బుక్‌లో తేదీ వేసి, 31 డిగ్రీలు, లో ఒక గీత లోపలికి అని రాసింది. ఆ నోట్‌బుక్ ఇప్పుడు టూల్‌బాక్స్‌లోనే ఉంటుంది.